అన్నానికీ ఆరోగ్యానికీ వారధి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పాఠశాలలలో కౌమారదశలోని బాలబాలికలకు వారానికొకసారి, గర్భిణీ స్త్రీలకు ప్రతిదినమూ ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రను ఎరుగని కుటుంబం నేడు మన దేశంలో అరుదు. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసి లోకానికి అందించిన శాస్త్రజ్ఞుల బృందానికి నాయకత్వం వహించినవారు గోదావరి సీమలో జన్మించిన తెలుగువారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ప్రజలు ఏమి తింటున్నారు, ఆ తిండి వారి శరీరాలను ఎలా తీర్చిదిద్దుతున్నది, ప్రభుత్వాలు ఆహార విషయంలో తీసుకునే నిర్ణయాలు సామాన్యుని రక్తంలో ఏ మార్పు తెస్తున్నాయి అనే ప్రశ్నలకు ఆయన జీవితంతో విడదీయరాని సంబంధమున్నది. ఆయన కీర్తిశేషులై ఏడు దశాబ్దాలు దాటినా ఆ ప్రశ్నలు నేటికీ తీరలేదు. కనుకనే ఈ మహనీయుని చరిత్రను విద్యార్థులతోపాటు తల్లిదండ్రులు కూడా తెలుసుకొనవలసి ఉన్నది.

బాల్యము – విద్యాభ్యాసము

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. అనారోగ్యం వలన తండ్రి ఉద్యోగం ముందుగానే విరమించుకొనవలసి రావడంతో కుటుంబానికి ఆర్థికమైన ఇక్కట్లు తప్పలేదు. చిన్నతనంలో సుబ్బారావుగారికి చదువుపై శ్రద్ధ అంతగా ఉండేది కాదు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి వెళ్లబోగా తల్లి వెనుకకు రప్పించిందని ఆయన చరిత్రకారులు చెబుతారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పిన బిడ్డను చూసి నిరాశపడే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకుంటే చాలు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. సన్యాసానికి తల్లి అనుమతించలేదు. రోగులకు సేవ చేయడం కూడా భగవత్సేవయేనన్న భావంతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపును అనుసరించి ఖద్దరు ధరించడం అక్కడి ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుగారికి ఎం.బి.బి.యస్. పట్టా దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చింది. పిమ్మట మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించే ఉద్యోగంలో ప్రవేశించారు. 1919లో శేషగిరిగారితో వివాహం జరిగింది.

సోదరుల మరణము

ఈ కాలంలోనే ఆ కుటుంబంపై పిడుగుపాటు వంటి విపత్తు సంభవించింది. ఇద్దరు సోదరులు కొద్ది దినాల వ్యవధిలోనే స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలియైపోయారు. ఈ వ్యాధిలో రోగి తిన్న అన్నం ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండై, రక్తం నీరై, మనిషి నానాటికీ కృశించిపోతాడు. ఎదుట అన్నమున్నా ఆకలి చావు వంటి చావే అది. ఆనాటి వైద్యశాస్త్రానికి దీని మూలం తెలియదు. సోదరులను రక్షించుకోలేకపోయిన వైద్యునికి తన విద్యలోని కొరత ఏమిటో తెలిసివచ్చింది. వ్యాధి పేరు తెలిసినంత మాత్రాన ప్రయోజనం లేదు, శరీరంలో ఏ పదార్థం లోపించిందో కనిపెట్టాలి అన్న దీక్ష ఆయనను సముద్రాలు దాటించింది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేసిన ధనసహాయంతో 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. గర్భవతియైన భార్యను ఇంట విడిచి వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశాన్ని చూడలేదు. తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రీ కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకొనలేదు. లోకానికి ఆయన చేసిన మేలును స్మరించేటప్పుడు, శేషగిరిగారు ఇంట ఒంటరిగా గడిపిన సంవత్సరాలను కూడా స్మరించడం న్యాయం.

కొలత నేర్పిన శాస్త్రజ్ఞుడు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చదువుతూ, పొట్ట పోసుకొనడానికి ఆయన ఒక ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరిచే పని చేశారు. వైద్య పట్టా కలిగిన వ్యక్తి ఆ పనికి సిగ్గుపడలేదు. తదుపరి సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద జీవరసాయన శాస్త్రంలో పరిశోధనకు పూనుకున్నారు.

ఆయనకు మొదటి కీర్తిని తెచ్చిపెట్టినది ఒక కొలత. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో తెలుసుకొనడానికి 1925లో ఫిస్కే, సుబ్బారావుగార్లు ఒక పద్ధతిని ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవానికి కొన్ని రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎక్కువైన కొద్దీ రంగు చిక్కనవుతుంది. రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దీనిని తరతరాల జీవరసాయన విద్యార్థులు నేర్చుకున్నారు. ఈ కొలతయే ఆయన చేతికి దీపమైంది. దాని వెలుగులో 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో సమస్త జీవకణాలకు శక్తినిచ్చే అడినొసిన్ ట్రైఫాస్ఫేట్‌ను ఫిస్కేతో కలిసి వెలికితీశారు. 1930లో పిహెచ్.డి. పట్టా లభించింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. అంచనాలకు, అభిప్రాయాలకు తావివ్వక, ముందు కొలిచి, పిమ్మట మాట్లాడడం ఆయన జీవిత సూత్రమైంది.

బొంబాయి మిల్లు స్త్రీలు – ఒక కొత్త రక్తహీనత

సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఉన్న కాలంలోనే, ఆయన అన్వేషణకు ముడిపడిన మరొక కథ మన మహారాష్ట్ర గడ్డపై మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చారు. అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు గర్భవతులైనప్పుడు తీవ్రమైన రక్తహీనతతో ప్రాణాలు కోల్పోతూ ఉండేవారు. మిల్లు కార్మికుల బ్రతుకు నాందేడ్ వాసులకు తెలియనిది కాదు. ఉస్మాన్‌షాహి మిల్లు ఈ ఊరి చరిత్రలో భాగమే కదా.

విల్స్ ఆ స్త్రీల రక్తాన్ని మాత్రమే పరీక్షించి ఊరుకోలేదు. వారి వంటింటిని కూడా పరిశీలించారు. ఆకుకూరలు, పండ్లు, మాంసకృత్తులు కొరవడిన భోజనమే దీనికి మూలమని ఆమె అనుమానించారు. బొంబాయిలోను, నీలగిరి కొండలలోని కూనూరులోను ఆమె పరిశోధనలు సాగాయి. అటువంటి భోజనమే పెట్టిన కోతులకు ఈస్టు సారం ఇవ్వగా వాటి రక్తం కోలుకున్నది. రోగులకూ అదే ఫలితం కనిపించింది. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించారు. ఈస్టులో ఏదో ఒక పదార్థమున్నదని తేలింది గాని, అది ఏమిటో తెలియలేదు. 1941లో అమెరికాలో మరికొందరు శాస్త్రజ్ఞులు అటువంటి పదార్థాన్నే పాలకూర నుండి రాబట్టి, ఆకు అనే అర్థమున్న లాటిన్ పదం నుండి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కాని టన్నుల కొద్దీ ఆకు నుండి లభించేది చిటికెడు మాత్రమే. ఆ చిటికెడుతో రోగులకు వైద్యం సాగదు.

లెడర్లేలో మహత్కార్యం

1940లో సుబ్బారావుగారు హార్వర్డ్‌ను విడిచి, న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లే ప్రయోగశాలలలో చేరి, అచిరకాలంలోనే పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు. సోదరులను పోగొట్టుకొన్న నాటి నుండి మనసులో ఉన్న ఆశయాన్ని నెరవేర్చుకొనే సాధన సంపత్తి ఆయనకు అక్కడ సమకూరింది. ఆయన నాయకత్వంలో స్టోక్‌స్టాడ్, హచింగ్స్, యాంజియర్, వాలర్ మొదలైన శాస్త్రజ్ఞులు శ్రమించి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. మరుసటి సంవత్సరం దాని నిర్మాణాన్ని వెల్లడించారు. టామ్ స్పైస్ అనే వైద్యుడు దీనిని అమెరికా, క్యూబా, ప్యూర్టోరికోలలోని రక్తహీనత, స్ప్రూ రోగులకు ఇవ్వగా వారు కోలుకున్నారు. ఏ వ్యాధి తన తోబుట్టువులను మింగిందో ఆ వ్యాధికి మందు ఆ సోదరుని చేతి మీదుగానే లోకానికి అందింది.

ఆ విజయంతో ఆయన విశ్రమించలేదు. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారు చేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ దీనిని రక్త క్యాన్సరుతో బాధపడే 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకడుగు వేసింది. క్యాన్సరుకు ఔషధ చికిత్స సాధ్యమన్న ఆశ ఆనాడు చిగురించింది. బోదకాలు వ్యాధిని అరికట్టే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆయన నాయకత్వంలోనే 1947లో వెలువడింది. దీనిని చైనా దేశంలో వంట ఉప్పులో కలిపి గ్రామాలకు పంచారు. ఆ దేశం 2007 నాటికి బోదకాలు బెడదను తొలగించుకొన్నది. ఔషధం ఆహారంలో చేరి విధానమైనప్పుడు ఏమి సాధించవచ్చునో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇవన్నీ చూసి సంతోషించే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన తుదిశ్వాస విడిచారు. నోబెల్ బహుమానం రాలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకొనలేదు. ఒక శిలీంధ్ర జాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను వెలువరించింది.

ప్రయోగశాల నుండి పళ్లెంలోనికి

మహనీయుని జీవితం అక్కడ ముగిసినా ఆయన చేసిన పని ముగియలేదు. ఫోలిక్ ఆమ్లం చాలినంత లేని తల్లి గర్భంలో శిశువు వెన్నెముక, మెదడు సరిగా రూపొందకపోయే ప్రమాదమున్నదని క్రమేణా తెలిసింది. ఏడు దేశాలలో జరిపి 1991లో ప్రకటించిన ఒక పెద్ద పరీక్షలో, అటువంటి శిశువును ఇంతకుముందు కన్న తల్లులు మళ్లీ గర్భం ధరించడానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే ఆ ప్రమాదం 72 శాతం తగ్గుతుందని తేలింది. గర్భం నిలిచినట్లు తల్లికి తెలిసే సమయానికే ఆ హాని జరిగిపోయి ఉంటుంది. కనుక మాత్ర కోసం ఆమె ఆస్పత్రికి వచ్చేదాకా ఆగితే లాభం లేదు. ఈ కారణం చేత అమెరికా ప్రభుత్వం 1998 జనవరి నుండి 100 గ్రాముల శుద్ధిచేసిన పిండికి 140 మైక్రోగ్రాముల చొప్పున ఫోలిక్ ఆమ్లాన్ని కలపాలని శాసించింది. ప్రజలు తమ ఆహారపు అలవాటును మార్చుకొనలేదు. పిండిలోని గుణమే మారింది.

అంతటితో ఊరుకోక ఆ దేశం ఫలితాన్ని కొలిచింది. ప్రజల రక్తంలో ఫోలేట్ పెరిగిందా, లోపంతో పుట్టే శిశువుల సంఖ్య తగ్గిందా అని లెక్కలు తీసింది. సంవత్సరానికి సుమారు 1,300 మంది శిశువులు ఈ లోపం నుండి తప్పించుకుంటున్నారని తేలింది. కెనడాలో ఇటువంటి లోపాలు 46 శాతం తగ్గాయి. ఆ లెక్కలలోనే ఒక కొరత కూడా బయటపడింది. గోధుమ పిండికి బదులు మొక్కజొన్న పిండితో రొట్టెలు చేసుకొనే స్పానిష్ భాషీయుల కుటుంబాలకు మేలు అంతగా అందలేదు. 2016లో మొక్కజొన్న పిండిలోనూ కలపడానికి అనుమతి లభించింది. కొలిచినందువల్లనే కొరత కనబడింది, కనబడినందువల్లనే దిద్దుబాటు జరిగింది.

మన దేశపు లెక్క

భారత ప్రభుత్వం 1970లోనే రక్తహీనతా నివారణ పథకాన్ని ప్రారంభించి, గర్భిణులకు, పిల్లలకు ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలను ఇవ్వసాగింది. కౌమార బాలబాలికలకు వారం వారం మాత్రలిచ్చే కార్యక్రమం 2013 నాటికి ఆరంభమైంది. 2018లో ఎనీమియా ముక్త్ భారత్ అనే పేరుతో ఈ ప్రయత్నాలన్నిటిని ఒకచోట చేర్చారు. బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి చౌకధరల దుకాణాల ద్వారా పంచాలన్న నిర్ణయాన్ని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. సంకల్పానికి లోటు లేదు. ఫలితం మాటేమిటి?

2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో 53 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలగా, 2019–21 నాటికి అది 57 శాతానికి పెరిగింది. మహారాష్ట్రలో 48 నుండి 54 శాతమైంది. వేలి కొన నుండి పిండిన రక్తపు చుక్కతో చేసే పరీక్ష నమ్మదగినదేనా, సిర నుండి తీసిన రక్తాన్నే పరీక్షించాలా అన్న చర్చ కూడా శాస్త్రజ్ఞులలో సాగింది. సుబ్బారావుగారు ఉంటే ముందుగా ఆ కొలతనే సరిచేసేవారనడంలో సందేహం లేదు. సిర రక్తంతో 2016–18లో జరిపిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో కౌమార బాలికలలో 40 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు కనబడింది. అంతకంటె విచారకరమైన సంగతి మరొకటున్నది. 10 నుండి 19 ఏండ్ల బాలబాలికలలో 37 శాతం మందికి ఫోలేట్ లోపమున్నదని, 31 శాతం మందికి బి12 లోపమున్నదని ఆ సర్వేయే తెలిపింది. ఒక తెలుగు వైద్యుడు ఫోలిక్ ఆమ్లాన్ని సాధించి ఇచ్చిన ఏడు దశాబ్దాల పిమ్మట కూడా భారతదేశపు బిడ్డలలో ప్రతి ముగ్గురిలో ఒకరికి అది చాలినంత లేదు.

దీనికి కారణాలు అనేకం. పంచిన మాత్రలన్నీ మింగిన మాత్రలు కావు. కడుపులో తిప్పుతుందని, మలం నల్లబడిందని భయపడి పారవేసేవారు కొందరు. రక్తహీనతకు ఇనుము లోపమొక్కటే కారణం కాదు. కడుపులోని కొంకి పురుగులు, మలేరియా, బి12 లోపం కూడా దానికి తోడవుతాయి. బి12 లోపమున్నవారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనబడి, నరాలకు జరిగే హాని లోలోపల సాగుతూనే ఉంటుంది. శాకాహారులు ఎక్కువగా ఉన్న దేశంలో ఇది మరువరాని హెచ్చరిక. ఇక పిండిలో కలిపే పద్ధతి మరాఠ్వాడాలో ఎంతవరకు పనికి వస్తుందో ఆలోచించాలి. జొన్నలు, గోధుమలు కొని తెచ్చుకొని పేటలోని పిండి గిర్నిలో ఆడించుకొనే ఇంటికి కర్మాగారపు పిండి సంచిలోని విటమిను చేరదు. మొక్కజొన్న రొట్టె తినే కుటుంబాలు అమెరికాలో వెనుకబడినట్లే, జొన్న రొట్టె తినే కుటుంబాలు ఇక్కడ వెనుకబడే అవకాశమున్నది.

కనుకనే ఆహార విధానం మంచిదా కాదా అన్నది గోదాముల లెక్కలతో తేలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో 1972లో ఏర్పడిన పర్యవేక్షణ విభాగపు కార్యకర్తలు ఆంధ్ర ప్రదేశ్, మహారాష్ట్ర మొదలైన రాష్ట్రాలలో ఇంటింటికీ వెళ్లి, వంటకు తీసిన ధాన్యాన్ని, పప్పును, కూరను త్రాసులో తూచి చూశారు. కుటుంబం ఏమి కొన్నది, తల్లి పళ్లెంలో ఎంత మిగిలింది, ఆమె రక్తం ఎంత చిక్కగా ఉన్నది అనే మూడు లెక్కలు కలిసినప్పుడే విధానపు గుణదోషాలు బయటపడతాయి.

తల్లిదండ్రుల పాత్ర

ఈ మహాకార్యంలో ప్రతి గృహానికీ, ప్రతి పాఠశాలకూ చోటున్నది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అందాలన్నది ప్రభుత్వ నియమం. ఆ 50 గ్రాములలో ఆకుకూర ఎంతన్నది అడిగి తెలుసుకొనే హక్కు తల్లిదండ్రులకున్నది. పాలకూర, తోటకూర, శనగలు, పెసలు, అలసందలు, వేరుశనగలలో ఫోలేట్ సమృద్ధిగా ఉన్నది. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి, ఆ నీటిని పారబోస్తే అందులోని ఫోలేట్ చాలావరకు నశిస్తుంది. పాఠశాలలో ఇచ్చిన మాత్రను ఆడపిల్ల భోజనం చేసిన పిమ్మట మింగిందో లేదో ఇంట విచారించడం తల్లికి కష్టమైన పని కాదు. సంవత్సరానికొకసారి ఆమె రక్తాన్ని పరీక్ష చేయించి ఆ సంఖ్యను వ్రాసి ఉంచుకొంటే, పథకం ఫలించినదీ లేనిదీ ఆ ఇంటికి తెలుస్తుంది. అందరి కంటె ఆఖరున, మిగిలినది తినే అలవాటున్న తల్లి పళ్లెంలోనూ ఆ ఆకుకూర ఉండాలి. బొంబాయి మిల్లు స్త్రీలకు లేకపోయినది అదే.

మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పిన ఒక భీమవరం బాలుడు, తోబుట్టువుల మరణానికి కారణం వెదుకుతూ ప్రపంచానికి ఒక ప్రాణాధార పదార్థాన్ని సాధించి ఇచ్చాడు. దానిని ప్రతి బిడ్డ రక్తంలోనికి చేర్చే పని మాత్రం ఆయన తరువాతి తరాలకు మిగిలింది. తెలుగు మాధ్యమంలో చదువుకొన్న విద్యార్థులలో ఒకరైనా వైద్యులుగానో, పోషకాహార శాస్త్రజ్ఞులుగానో, అధికారులుగానో ఆ పనిని చేపట్టి, పంచినదానిని గాక చేరినదానిని లెక్కించగలిగితే, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారికి అంతకు మించిన నివాళి వేరొకటి ఉండదు.